అన్నది అన్నట్టు

పచ్చగడ్డి కనిపిస్తే మా వాళ్ళు చాప పరచకుండా ఉండలేరు. ఈ సంగతి నాకు బాగా తెలుసు. అయినా ఆ ఆదివారం పొద్దున ఏ ధైర్యంతో ఏమరుపాటుగా ఉన్నానో ఇప్పటికీ అర్థం కాదు.

హామిల్టన్‌కి ఉత్తరాన, వైకాటో నది పక్కన ఉన్న ఒక పాత యుద్ధభూమిలో నేను పనిచేస్తున్నాను. 1863లో బ్రిటిష్ సైన్యం ఈ ప్రాంతం మీదికి వచ్చినప్పుడు ఈ దేశపు మూలవాసులైన మావోరీలు కందకాలు తవ్వి, మట్టి గోడలు లేపి అడ్డంగా నిలబడిన చోటు అది. అలాంటి కోటని వాళ్ళ భాషలో పా అంటారు. వచ్చినవాళ్ళని వెంటబెట్టుకుని తిప్పి, ఆ పోరాటం కథ చెప్పడం గైడ్ల పని. నేనింకా గైడ్‌ని కాదు. ముందు గదిలో కౌంటర్ దగ్గర కూర్చుంటూ, తీరిక దొరికినప్పుడల్లా మెరియానా ఆంటీ వెనకాల తిరిగి పని నేర్చుకుంటున్నాను.

మెరియానా ఆంటీ మావోరీ. ఆవిడ ముత్తాతలు ఈ కందకంలోనే పోరాడారు. ఇప్పుడు ఈ స్థలాన్ని చూసుకునేది వాళ్ళ కుటుంబాల కమిటీయే. గైడ్లుగా చేసిన పిల్లలు ఒక్కొక్కరే పనుల కోసం ఆస్ట్రేలియా వెళ్ళిపోయారు. నన్ను తీసుకుందామని ఆంటీ అన్నప్పుడు, మన వాళ్ళ చావుల కథ చెప్పడానికి ఇండియా నుంచి వచ్చిన మనిషి దేనికని కమిటీలో ఎవరో అడిగారట. వాళ్ళ స్థానంలో నేనున్నా అదే అడిగేదాన్ని. దాంతో ఆంటీ ఒక పద్ధతి పెట్టింది. ఆదివారం వచ్చే గుంపుని నేను తిప్పాలి. ఆవిడ వెనక నడుస్తూ వింటుంది. సోమవారం మీటింగ్‌లో నా గురించి అవునో కాదో చెప్పేస్తుంది. అవునంటే గైడ్‌ని. కాదంటే ఆ కౌంటరే గతి.

నాకు ఈ పని కావాలి. మామూలుగా కాదు, నిద్ర పట్టనంతగా కావాలి. తెనాలిలో సోషల్ టీచరుగా ఏళ్ళ తరబడి పిల్లల ముందు గొంతు చించుకున్నదాన్ని, ఇక్కడికొచ్చి హామిల్టన్ శివార్లలో రోటోటూనా అనే పేటలో ఇంటికీ సూపర్‌మార్కెట్‌కీ మధ్య మూగదాన్నైపోయాను. మా ఆయన రవికిరణ్‌కి ఆఫీసుంది, మాట్లాడటానికి మనుషులున్నారు. నా నోటికి ఈ దేశంలో పని దొరకడం ఇదే మొదలు.

ఆ ఆదివారం గుంపు ఎవరో కాదు, మా తెలుగు అసోసియేషన్ వాళ్ళే. కార్తీక వనభోజనాలకి చోటు వెతుకుతుంటే, ముందు పా చూసి ఆ తర్వాత రోడ్డుకి అవతలున్న పార్కులో తినొచ్చని నేనే చెప్పాను. నీ భాషలోనే చెప్పు, మధ్యమధ్యలో నాకు ఇంగ్లీషులో అర్థం చెబుతూ ఉండు, అంది ఆంటీ. సొంత మనుషులు, సొంత భాష, ఇంక నాకు తిరుగేముందని సంబరపడ్డాను. సొంత మనుషుల సంగతి మర్చిపోయి సంబరపడ్డాను.

మేమిద్దరం ఆఫీసు గదిలోంచి బయటికొచ్చేసరికి వాళ్ళు చెప్పిన వేళకంటే ముందే దిగిపోయి ఉన్నారు. కందకం వెనక నున్నటి పచ్చ గట్టు ఒకటుంది, దాని మీద ఒక టోటరా చెట్టు ఉంది. ఆ చెట్టు కింద చాపలు, చాపల మీద పులిహోర గిన్నెలు, గారెల డబ్బాలు, పెరుగన్నం బకెట్టు. ఈ దేశంలో ఉసిరి చెట్టు దొరకదు కదా, అందుకని సుభద్ర ఆంటీ టోటరా మొదట్లో ఉసిరికాయ పచ్చడి సీసా నిలబెట్టి, సీసాకి పసుపు రాసి బొట్టు పెట్టింది. కార్తీకంతో సంబంధం లేని నర్సు శిరోమణి కూడా ప్లేటు పట్టుకుని సిద్ధంగా ఉంది.

ఆ గట్టు కింద యుద్ధంలో పోయినవాళ్ళు ఉన్నారు.

పక్కన మెరియానా ఆంటీ ఏమీ అనలేదు. అనకపోవడమే నన్ను భయపెట్టింది. పరుగున వెళ్ళాను.

"సుభద్ర ఆంటీ, ఇక్కడ కాదండీ. ఈ గట్టు కింద మనుషుల్ని పూడ్చారు."

"ఏంటీ, సమాధులా?" సుభద్ర ఆంటీ చేతిలో గరిటె గిన్నెలో పడింది. "శివ శివ. ముందు చెప్పొద్దుటమ్మా. ఏవండీ, ఆ బకెట్టు తీయండి ముందు. మీరే కదా ఇక్కడ బావుంది, ఇక్కడ పెట్టండి అన్నది."

ఆ తర్వాత ఎవరికీ ఇంకో మాట చెప్పాల్సిన పని పడలేదు. క్షణాల్లో చాపలు చుట్టేశారు, గిన్నెలు కార్లలోకి వెళ్ళాయి. ఉసిరికాయ సీసాని కూడా కళ్ళకద్దుకుని తీసేశారు. గేటు దగ్గర కుళాయి ఉంది, ఇక్కడ నుంచి వెళ్ళేవాళ్ళు నీళ్ళతో చేతులు కడుక్కోవడం ఈ ఊరి ఆచారం, అన్నాను. అది వేరే చెప్పాలా, అని అందరూ వరసగా వెళ్ళి చేతులు, కాళ్ళు, మొహాలు కడుక్కుని, నెత్తిన నాలుగు చుక్కలు చల్లుకుని వచ్చారు.

"కాళ్ళు కూడానా?" అంది మెరియానా ఆంటీ, మొదటిసారి నోరు విప్పి.

"మాకు కాళ్ళే ముఖ్యం," అన్నాను. ఆవిడ పెదవి చివర కొంచెం కదిలింది. నాకు ఊపిరొచ్చింది.

ఊపిరి రానిది రామలింగేశ్వరరావు అంకుల్‌కి. నలుగురి ముందు పెళ్ళాం చేత మాట పడ్డాడు కదా, మొహం కందగడ్డలా అయింది. ఆయన సుభద్ర ఆంటీ భర్త, మా అసోసియేషన్‌కి పెద్దదిక్కు. కృష్ణ కరకట్టల మీద సర్వీసంతా గడిపి ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా రిటైరైన మనిషి. మేం ఈ దేశంలో దిగినప్పుడు ఎయిర్‌పోర్టుకి కారేసుకుని వచ్చింది ఆయనే. ఫ్లాట్ దొరికేదాకా వాళ్ళింట్లోనే ఉన్నాం. మా ఆయనకి ఇక్కడి రోడ్ల మీద డ్రైవ్ చేయడం నేర్పింది కూడా ఆయనే. అలాంటి మనిషికి ఎదురు చెప్పడం మా ఇళ్ళల్లో లేదు.

నడక మొదలైంది. నేను బాగానే చెప్పానని అనుకుంటున్నాను. నది ఎటు, చిత్తడి నేల ఎటు, ఆ రెంటి మధ్య ఉన్న ఈ ఎత్తు మీద కందకాన్ని ఎందుకు తవ్వారో చెప్పాను. ఫిరంగులున్న పడవలు నదిలో పైకి వచ్చాయని, ముందు నుంచీ పక్క నుంచీ గుండ్లు పడుతున్నా లోపలివాళ్ళు బెదరలేదని, సైన్యం మళ్ళీ మళ్ళీ ఎగబడి కూడా ఆ సాయంత్రం ఈ గోడని దాటలేకపోయిందని చెప్పాను. ప్రతి నాలుగు మాటలకీ ఆగి, వెనక్కి తిరిగి ఆంటీకి ఇంగ్లీషులో అర్థం చెప్పాను. మా వాళ్ళు బుద్ధిగా విన్నారు. ఫోన్లు కూడా తీయలేదు.

పూడిపోయిన మట్టి తీసి కందకాన్ని మళ్ళీ బయటపెట్టిన చోట ఆగాం. అక్కడ అంకుల్ గొంతు సవరించుకున్నాడు.

"అంతా బానే ఉంది గానీ అమ్మాయ్, ఈ నల్లోళ్ళకి ఇంత ఇంజనీరింగ్ ఎవడు నేర్పాడంటావ్? ఎవడో తెల్ల ఆఫీసరు అటు నుంచి పారిపోయొచ్చి దగ్గరుండి తవ్వించుంటాడు. వీళ్ళకి వీళ్ళుగా అయ్యే పని కాదిది."

తెల్లగా లేనివాళ్ళంతా మా వాళ్ళ దృష్టిలో నల్లోళ్ళే, అద్దంలో కనిపించే మనిషి తప్ప. కొందరు కిసుక్కున నవ్వారు. కొందరు నేల చూపులు చూశారు. నా ఒళ్ళు మండిపోయింది. మెరియానా ఆంటీ నా వైపు చూస్తోంది, అర్థం చెప్పమని.

ఆంటీకి ఒక నియమం ఉంది. ఈ నేల మీద అడిగిన ప్రశ్నకి ఈ నేల మీదే జవాబు చెప్పాలి, అది ఎంత చెడ్డదైనా సరే. అది నేను మొదటి వారంలోనే నేర్చుకున్నాను. కానీ అడిగినవాడు మా అంకుల్. అవతల నిలబడింది ఆ కందకంలో పోయినవాళ్ళ మునిమనవరాలు. మన ఇళ్ళల్లో ఇలాంటప్పుడు ఆడవాళ్ళు ఏం చేస్తారో నేనూ అదే చేశాను. మాటని కడిగి, తుడిచి, అవతలివాళ్ళకి అందించాను.

"ఆయన ఇంజనీరు. ఇంత బాగా కట్టడం మీ వాళ్ళు ఎలా నేర్చుకున్నారని అడుగుతున్నారు," అన్నాను ఇంగ్లీషులో.

ఆంటీ నన్నే చూసింది.

"ఆయన చాలాసేపు మాట్లాడాడు. నువ్వు చెప్పింది చాలా చిన్నగా ఉంది. ఆయన అన్నది అంతేనా?"

అంతే అంటే అయిపోతుంది. అంకుల్ పరువు నిలుస్తుంది, ఆవిడ మనసు నొచ్చుకోదు, మధ్యాహ్నం అందరం కలిసి పులిహోర తింటాం. కానీ ఆ చూపు ముందు అంతే అనడానికి నోరు రాలేదు. అబద్ధం చెప్పి ఈ ఉద్యోగం తెచ్చుకుంటే రేపటి నుంచి ఈ నేల మీద ఏ మొహంతో నిలబడి మాట్లాడతాను?

"అంతే కాదు," అన్నాను. ఆయన అన్నది అన్నట్టు, నల్లోళ్ళు అన్న ముక్కతో సహా, పారిపోయొచ్చిన తెల్ల ఆఫీసరుతో సహా, ఇంగ్లీషులో చెప్పేశాను.

అంకుల్‌కి ఇంగ్లీషు బ్రహ్మాండంగా వచ్చు. తెలుగులో మన మధ్య మాటగా విసిరేసింది ఇంగ్లీషులో ఆవిడ మొహం ముందు వినబడేసరికి ఆయన తల వంచుకున్నాడు. సుభద్ర ఆంటీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మెరియానా ఆంటీ మొహంలో మాత్రం ఏమీ కదల్లేదు. ఈ ప్రశ్న ఆవిడ వినడం మొదటిసారి కాదని అప్పుడు తెలిసింది. ఎన్ని భాషల్లో, ఎంత మంది నోట విన్నదో.

"ఈ రోజు గైడ్ ఎవరు?" అంది.

"నేను."

"అయితే జవాబు నువ్వే చెప్పు."

నేను అంకుల్ వైపు తిరిగాను.

"అంకుల్, నేను చెబితే ఈ పిల్లకేం తెలుసంటారు. మీరు జీవితమంతా మట్టి గట్ల మీదే ఉన్నారు. దిగి చూడండి. పుస్తకం చూసి తవ్విందో, నేలని చూసి తవ్విందో మీరే చెప్పండి. మీరేం చెబితే అదే ఆంటీకి చెబుతాను. ఈసారి ఒక్క ముక్క కూడా మార్చను."

ఆ మాట అనేశాక గానీ నేను చేసిన పని నాకు అర్థం కాలేదు. నా సోమవారాన్ని తీసుకెళ్ళి ఆయన చేతుల్లో పెట్టాను. ఆయన దిగి, పైకొచ్చి, ఇందాక తానన్నదే నిజమంటే, నేను అదే అనువదించి కౌంటర్ దగ్గరికి పోవాలి.

ఆంటీ మెట్ల దారి చూపించి, సరే అన్నట్టు తల ఊపింది. అంకుల్ ప్యాంటు మడిచి దిగాడు.

మొదట బింకంగా నడిచాడు, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన ఆఫీసరులాగా. మలుపు దగ్గర ఆగాడు. కందకం తిన్నగా పోదు. కొంత దూరం పోయాక ఒక మట్టి అడ్డు వదిలి, పక్కకి తిరిగి, మళ్ళీ ముందుకి పోతుంది. అంకుల్ ఆ అడ్డుని జేనతో కొలిచాడు. వెనక్కి వచ్చాడు, ముందుకి వెళ్ళాడు. తర్వాత గొంతుక్కూర్చుని అడుగున మట్టి చిటికెడు తీసి బొటనవేలితో నలిపాడు. గోడ పైభాగం నుంచి ఇంకో చిటికెడు తీసి నలిపాడు. మా అందర్నీ మర్చిపోయాడు.

"అమ్మాయ్, ఫిరంగుల పడవలు ఎటున్నాయన్నావ్?" కిందనుంచే అడిగాడు. నది వైపు చెయ్యి చూపించాను.

"అందుకా ఇటు గోడ ఇంత మందం. ఇదిగో, ఇటు చూడండి అందరూ. ఇక్కడ గుండు పేలితే ఈ అరలో వాళ్ళే పోతారు. పక్క అరలో వాళ్ళకి దెబ్బ తగలదు. మధ్యలో ఈ అడ్డు అందుకే. అడుగు చూశారా, చిత్తడి వైపుకి వాలు పెట్టారు, వాన పడితే నీళ్ళు నిలవ్వు. పైన వదులు మట్టి, కింద జిగురు మట్టి. జిగురు తగలగానే తవ్వడం ఆపేశారు. ఎక్కడ ఆపాలో తెలిసినవాళ్ళు."

మా వాళ్ళంతా గట్టు అంచుకి చేరి వంగి చూస్తున్నారు. నేను చెప్పాల్సిన పాఠం ఆయన చెబుతున్నాడు, నాకంటే బాగా. నేను గబగబా ఆంటీకి ఇంగ్లీషులో చెబుతూ పోయాను. ఆవిడ కళ్ళు ఆయన చేతుల మీదే ఉన్నాయి.

అంకుల్ పైకొచ్చాడు. మోకాళ్ళకి మట్టి. నా వైపు చూడలేదు, నేరుగా ఆవిడ ముందుకి వెళ్ళి నిలబడి ఇంగ్లీషులో మొదలుపెట్టాడు.

"మేడమ్, నేను అడిగిన ప్రశ్న తప్పు. బయటి నుంచి వచ్చి పుస్తకం చూసి తవ్వించేవాడికి ఈ మట్టి ఇంతగా తెలియదు. ఇది ఇక్కడే పుట్టి, ఈ నేలని ఎరిగినవాళ్ళ పని. నేను చాలా గట్లు కట్టాను. వరదకి నిలిచాయి. ఫిరంగికి నిలిచే గట్టు కట్టమంటే నాకు చేతకాదు." మోకాళ్ళ మట్టి దులుపుకున్నాడు. "మీ వాళ్ళని నేనన్న మాట కూడా తప్పే. మా పిల్ల దాన్ని దాచాలని చూసింది. దాని తప్పేం లేదు, నా మీద గౌరవం."

"నాకు తెలుసు," అంది ఆంటీ. "రండి, ఇంకో చోటు ఉంది."

నది కనిపించే ఆ ఆఖరి చోట గైడ్లెవరూ మాట్లాడరు, ఆంటీయే మాట్లాడుతుంది. ఆ రోజూ ఆవిడే చెప్పింది, నేను తెలుగులోకి మార్చాను. దాడులు ఆగిన రాత్రి గడిచాక, తెల్లారుతుండగా లోపలివాళ్ళు తెల్ల జెండా ఎత్తారని చెప్పింది. మాట్లాడుకోవడానికి ఎత్తారని, అవతలివాళ్ళు దాన్ని లొంగిపోవడంగా తీసుకుని అందర్నీ పట్టుకుపోయారని చెప్పింది. ఎప్పుడూ అక్కడితో ముగించేస్తుంది.

అంకుల్ గొంతు సవరించుకున్నాడు. సుభద్ర ఆంటీ ఆయన చెయ్యి పట్టుకుని లాగింది, ఇంక చాలన్నట్టు. ఆయన వినలేదు.

"మాట్లాడదామనే కదా జెండా ఎత్తింది. వీళ్ళ మాట వాళ్ళకీ, వాళ్ళ మాట వీళ్ళకీ చెప్పడానికి మధ్యలో మనిషి లేడా? అడుగమ్మా."

అడిగాను, ఒక్క ముక్క వదలకుండా.

మెరియానా ఆంటీ నది వైపు తిరిగింది. ఈసారి గొంతు తగ్గించి చెప్పింది.

"మా నాన్నమ్మ చెప్పేది. మా వాళ్ళు ఆ పొద్దున మొదట అడిగింది మనిషినేనట. రెండు భాషలూ వచ్చిన మనిషిని పంపండి, మాట్లాడుకుందాం అన్నారట. ఆ మనిషి రాలేదు. సైనికులు వచ్చారు. నవ్వుతూ చేతులు కలిపారు, ఆ చేతులతోనే తుపాకులు ఇచ్చేయమన్నారు. ఏం జరుగుతోందో మా వాళ్ళకి అర్థమయ్యేసరికి చుట్టూ నిండిపోయారు. ఇది నేను వచ్చినవాళ్ళకి చెప్పను. వాళ్ళూ అడగరు. ఈయన అడిగాడు."

నేను తెలుగులో చెప్పాను. చెబుతుంటే మధ్యలో రెండుసార్లు ఆగాల్సి వచ్చింది. మా వాళ్ళలో ఎవరో ముక్కు చీదుకున్నారు. శిరోమణి కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతోంది, ప్రార్థన అనుకుంటాను.

అప్పుడు ఆంటీ నా వైపు తిరిగింది.

"ఇందాక నువ్వు ఆయన మాటని తగ్గించి చెప్పినప్పుడు, ఈ అమ్మాయి వద్దు అనేసుకున్నాను. మా వాళ్ళు నష్టపోయింది మాట సరిగ్గా చేరక. తర్వాత ఆయనన్నది ఉన్నదున్నట్టు నా మొహం మీద చెప్పావు. అది ఆయనకి కష్టం, నాకు కష్టం, నీకు అందరికంటే కష్టం. ఆ పొద్దున మా వాళ్ళు పంపమన్నది అలాంటి మనిషినే. చాలా ఆలస్యమైంది గానీ, ఆ మనిషి వచ్చిందని రేపు మీటింగ్‌లో చెబుతాను. వచ్చే వారం నుంచి ఇక్కడ కూడా నువ్వే మాట్లాడు."

కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుంటే తల ఊపాను.

"ఏమంటోందే ఆవిడ?" సుభద్ర ఆంటీ నా భుజం పట్టుకుని కుదిపింది. "ఎందుకే ఆ ఏడుపు? ఏమన్నా తప్పు జరిగిందా?"

అందరూ నా నోటి వైపే చూస్తున్నారు. అంకుల్‌కి అంతా అర్థమైంది, అయినా ఏమీ మాట్లాడకుండా చేతులు కట్టుకుని నా కోసం ఆగాడు. కళ్ళు తుడుచుకుని, ఆవిడ అన్నది మొదటి నుంచి చివరిదాకా తెలుగులో చెప్పాను. నా గురించి అన్నది కాబట్టి కొంచెం తగ్గించి చెబుదామని చాలా అనిపించింది, కానీ తగ్గించలేదు.